వదులవుతున్న బట్టలు

అరవై రెండు మంది వృద్ధులుండే ఆ హోములో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె కత్తెరమ్మ. మెడలో కొలతల టేపు, భుజం దగ్గర బట్టకు గుచ్చుకున్న రెండు గుండుసూదులు, నడుముకు దారంతో వేలాడే చిన్న కత్తెర, ఇవి లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. "కత్తెరమ్మ వస్తోంది, నాలుకలు లోపల పెట్టుకోండి!" అని రెండో అంతస్తులో ఉండే టైపిస్టు అవ్వ కేకేస్తే, వరండాలో కూర్చున్న ముసలివాళ్ళు చిన్నపిల్లల్లా నోళ్ళు మూసుకునేవాళ్ళు. ఆ అవ్వ ముప్పై ఐదేళ్ళు ఒక ఆఫీసులో టైపు కొట్టి రిటైరైంది. మాట కూడా టైపు కొట్టినట్టే టకటకా పడుతుంది.

కత్తెరమ్మ పుట్టింది దర్జీ ఇంట్లో. మంగలి దుకాణానికీ గడియారాలు బాగుచేసే కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆరడుగుల గది వాళ్ళ నాన్న దుకాణం. తొమ్మిదేళ్ళకే ఆమెకు కాజాలు కుట్టడం వచ్చింది. పదిహేనేళ్ళు నిండేసరికి, మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోగా ఛాతీ ఎంతో నడుమెంతో కళ్ళతోనే చెప్పేసేది. నాన్న పోయాక దుకాణం తనే నడిపింది, దాదాపు ముప్పై ఏళ్ళు. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే భర్త సాయంత్రాలు వచ్చి, గ్రీజు చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, గుండీలు కుట్టిపెట్టేవాడు. ఆయన పోయిన రెండేళ్ళకు ఆ వరస కొట్లన్నీ కూల్చేశారు. యాభై ఆరేళ్ళ వయసులో పని వెతుక్కుంటే ఈ హోములో దొరికింది. చిరిగిన దుప్పట్లు అతకాలి, ఊడిన గుండీలు కుట్టాలి, ఎవరి బట్టలు ఎవరివో తెలిసేలా ప్రతిదానికీ ఒక నంబరు గుడ్డ తగిలించాలి. బట్టలుతికే గది పక్కన, ఎప్పుడూ ఆవిరి వాసన కొట్టే చిన్న గదిలో ఆమె మిషను వేశారు.

చేరిన రెండో ఏడు, చలి మొదలవుతున్న రోజుల్లో, ఒకరోజు పొద్దున్నే వస్తాదు ఆమె గదికొచ్చాడు. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. వయసులో కుస్తీలు పట్టాడు, ఆ తర్వాత గోదాముల్లో మూటలెత్తాడు. ఇప్పటికీ తలుపులో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో జారిపోతున్న ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మాయ్, నీ చేతి కుట్టుకి పొగరెక్కువైంది. నన్ను వదిలేసి ప్యాంటు ఒక్కటే నడిచిపోతోంది" అన్నాడు.

"రా బాబాయ్, చూద్దాం." ఆమె నడుము పట్టీ వెనకాల గుడ్డను వేళ్ళతో పట్టి చూసింది. నాలుగు వేళ్ళు సులువుగా దూరాయి. "మొన్న వానల్లోనే కదా బిగించాను దీన్ని? సరిగ్గా తింటున్నావా అసలు?"

"తినకపోవడమేమిటి? ఏనుగు తిన్నట్టు తింటున్నా. అడుగు ఎవర్నైనా."

నిజమే, ఎవర్నడిగినా అదే చెప్తారు. ఆ భుజాలు, ఆ మెడ చూసి, ఈయనకేం లోటని అందరూ అనుకునేవాళ్ళే. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి, ప్యాంటు తీసుకుని కుట్లు విప్పసాగింది. విప్పుతుంటే లోపల పాత సూది గుర్తులు కనపడ్డాయి. ఒకదాని పక్కన ఒకటి, మూడు వరసలు. మార్చి నెల నుంచి ఇది నాలుగోసారి. నలభై రెండు అంగుళాల నడుము ముప్పై ఏడున్నరకు వచ్చింది.

పని పూర్తిచేసి ఇస్తే వస్తాదు తొడుక్కుని, అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని, "ఇదీ కుట్టంటే!" అని మెచ్చుకుని వెళ్ళాడు. కత్తెరమ్మకు మామూలుగా రావలసిన సంతోషం రాలేదు.

ఆ వారం వచ్చిన బట్టల బుట్ట ముందుకు లాక్కుంది. గౌనొకటి, పైజామాలు రెండు, ప్యాంట్లు మూడు, ఉన్ని కోటొకటి. అన్నిటికీ ఒకటే చీటీ: బిగించాలి. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ ఆమె చూసిన సంగతి వేరు. పదిమంది వస్తే ఐదుగురు బిగించమంటారు, ఐదుగురు కాస్త వదులు చేయమని గొణుగుతారు. ఇక్కడ చేరి ఏడాదిన్నర దాటింది. వదులు చేయమని ఒక్కరూ రాలేదు. ఇన్నాళ్ళూ ఆ సంగతి తన బుర్రకు తట్టనందుకు ఆమెకు తన మీద తనకే విసుగొచ్చింది.

మొదటి అంతస్తులో నర్సమ్మ గది. ముప్పై ఏళ్ళు దాటని పిల్ల, అరవై రెండు మందికీ తనొక్కతే నర్సు. కత్తెరమ్మ వెళ్ళేసరికి మందుబిళ్ళలు గళ్ళ డబ్బాల్లో సర్దుతూ ఉంది.

"పెద్దవయసు కదక్కా, కొంచెం సన్నబడతారు" అంది తలెత్తకుండానే.

"కొంచెమైతే నేనెందుకు మెట్లెక్కి వస్తానమ్మా? వస్తాదు బాబాయి బరువెంత?"

నర్సమ్మ రిజిస్టరు తీసింది. "ఎనభై ఆరు కిలోలు."

"పోయిన నెల?"

"ఎనభై ఆరే."

"అంతకు ముందు?"

కత్తెరమ్మ పేజీ తనవైపు తిప్పుకుని వేలు పెట్టి చూసింది. పదకొండు నెలలు ఎనభై ఆరే. ఆ పై వరస, కింది వరస, అందరికీ అంతే. ప్రతి నెలా ప్రతి మనిషీ ఒక గ్రాము కూడా అటూ ఇటూ కాలేదు.

"అమ్మా, నాలుగున్నర అంగుళాల నడుము పోయింది ఆ మనిషికి. బరువు మాత్రం అంతేనంటే నేను నమ్మను."

నర్సమ్మ చేతిలో డబ్బా మూత టేబుల్ మీద పడింది. చాలా మెల్లగా చెప్పింది. "తూకం మిషను పోయినేడాది చెడిపోయిందక్కా. బాగుచేయిస్తామన్నారు. నెలాఖరుకల్లా కాగితం నింపి పంపాలి. ఒకటి రెండు నెలలే కదా అని పాత అంకెలే దించేశాను. తర్వాత అలవాటైపోయింది." ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నన్ను తిట్టక్కా."

ఆ క్షణాన కత్తెరమ్మకు వాళ్ళ నాన్న గుర్తొచ్చాడు. చివరి ఏడాది ఆయన చొక్కాలు ఆమే మూడుసార్లు బిగించింది. భుజాలు జారకుండా, వీపున ముడత పడకుండా, కాలరు మెడకు అతికినట్టు. చూడ్డానికి వచ్చినవాళ్ళంతా "నాన్న ఎంత శుభ్రంగా ఉన్నాడో" అనేవాళ్ళు. ఆ చొక్కాల కింద మనిషి తరిగిపోతున్నాడని ఎవరికీ తెలియలేదు. పక్కనే కూర్చుని కుట్టిన తనకూ తెలియలేదు. నమలలేకపోతున్నాననీ, నాలుక రుచి పోయిందనీ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో చెప్పాడు, అదీ అడిగితే.

"ఎందుకు తిట్టడం?" అంది. "నువ్వు కాగితం మీద సరిచేశావు, నేను గుడ్డ మీద సరిచేశాను. ఇద్దరం ఒకటే పని చేశాం. ఇప్పుడేం చేద్దాం చెప్పు."

నర్సమ్మ ముఖం తుడుచుకుని ఆమె మెడలోని టేపు వైపు చూసింది. "తూకం లేకపోయినా ఒక దారుంది. పిక్క చుట్టూ కొలవాలి, లావుగా ఉన్నచోట. ముప్పై ఒక్క సెంటీమీటర్ల కన్నా తక్కువుంటే తిండి సరిపోవడం లేదేమోనని జాగ్రత్తపడాలి. చదువుకునేటప్పుడు నేర్పారు. ఇన్నాళ్ళూ చేయలేదు."

మూడు రోజులపాటు పొద్దున్నే వాళ్ళిద్దరూ గది గదికీ తిరిగారు. కత్తెరమ్మ నేల మీద మోకాళ్ళేసి కొలిచేది, నర్సమ్మ రాసేది. ముసలివాళ్ళకు అదొక వేడుకైంది. ఒకాయన రెండో కాలూ కొలవమని పట్టుబట్టాడు, అది చిన్నబుచ్చుకుంటుందట. టైపిస్టు అవ్వ కాలు చాపి, "ఏమిటే, పట్టు మేజోళ్ళు కుట్టిస్తున్నారా మాకు?" అంది.

"లేదత్తా. తగ్గిపోతున్నారేమోనని చూస్తున్నాం."

అవ్వ టకటకలు ఆగిపోయాయి. "ఇంతకాలానికి ఒకరడిగారు" అంది చివరికి. నోట్లోంచి కట్టుడు పళ్ళు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. చిగుళ్ళు కుంచించుకుపోయి, పళ్ళు వదులై, నమిలినప్పుడల్లా కింది చిగురు ఒరుసుకుపోతోంది. పళ్ళు లేకుండా ఆమె మాట మెత్తబడిపోయింది. "రొట్టె నీళ్ళల్లో నానేసుకుని తింటా. అది నానేలోగా బండి వచ్చేస్తుంది."

"ఏ బండి?"

"పళ్ళేల బండి. నువ్వెప్పుడైనా మధ్యాహ్నం మా హాల్లోకి వచ్చావా?"

రాలేదు. తన డబ్బా తను తెచ్చుకుని మిషను పక్కనే తినేది.

కొలతలు తీయగా ఇరవై మూడుమంది పిక్కలు ముప్పై ఒక్క సెంటీమీటర్ల కన్నా తక్కువని తేలింది. వస్తాదు వాళ్ళలో లేడు. ఆయన పిక్క ఇప్పటికీ దుంగలాగే ఉంది. అయినా నర్సమ్మ ఆయన పేరు పక్కన పెద్ద గుర్తు పెట్టింది. "ఇప్పుడెంత ఉన్నాడన్నదొక్కటే చూస్తే చాలదక్కా. ఎంత తొందరగా పోయిందన్నదీ చూడాలి. నువ్వు చెప్పిన ఆ నాలుగున్నర అంగుళాలకే నాకు భయం వేస్తోంది."

మర్నాడు కత్తెరమ్మ తన డబ్బా పట్టుకుని భోజనాల హాల్లో ఒక మూల కూర్చుంది. పన్నెండింటికి పళ్ళేలు వచ్చాయి. అన్నం, కూర, సూపు, రొట్టె. వేడిగానే ఉన్నాయి, వాసన బాగానే ఉంది. చూపు మందగించిన ఒక పెద్దాయన పళ్ళెంలో కుడివైపున్నదే తిని, ఎడమవైపున్న కూర తనకు వేయలేదని గొణుక్కున్నాడు. మొక్కల మీద ప్రాణం పెట్టే మనిషని అందరూ తోటమ్మ అని పిలిచే ఒకామె, మతిమరుపు ఎక్కువై, మొదటి ముద్ద బుగ్గన పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది. మింగమని చెప్పేవాళ్ళు లేరు. టైపిస్టు అవ్వ రొట్టె నానబెట్టుకుంది. పన్నెండూ ముప్పై ఐదుకు స్టీలు బండి గడగడమంటూ వచ్చింది. "అయిపోయిందా, అయిపోయిందా" అంటూ ఇద్దరు ఆడవాళ్ళు పళ్ళేలు లాగేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. రెండింటికల్లా గిన్నెలన్నీ కడిగితేగానీ వాళ్ళకు ఇల్లు చేరే బస్సు దొరకదు.

వస్తాదు తలుపుకెదురుగా, అందరికీ కనపడే చోట కూర్చున్నాడు. ఆయన పళ్ళెం చిన్నది. అందులో వేసిందీ తక్కువే. చెంచాతో సూపు తీశాడు. చెయ్యి వణికింది. నోటిదాకా వచ్చేసరికి సగం చొక్కా మీద పడింది. ఆయన అటూ ఇటూ చూశాడు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ పడింది. చెంచా కింద పెట్టి, పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని, హాలంతా వినపడేలా అన్నాడు: "అబ్బ! కడుపు నిండిపోయింది!"

కత్తెరమ్మ తన డబ్బాకు మూత పెట్టేసింది.

లేచి నేరుగా వంటగదిలోకి వెళ్ళింది. వంటాయన పొట్టిగా, గట్టిగా, చిన్న మాటకే భగ్గుమనే మనిషి. "వస్తాదు బాబాయికి అంత చిన్న పళ్ళెం ఎందుకన్నయ్యా?" అంది.

ఆయన గరిటెతో గోడ వైపు చూపించాడు. గోడకు వస్తాదు పేరుతో అంటించిన పసుపు కార్డు. సగం అన్నం, తీపి వద్దు, గుడ్డు వద్దు, నూనె తగ్గించాలి. కింద తేదీ. నాలుగేళ్ళ రెండు నెలల కిందటిది. అప్పట్లో ఆయన బరువు నూటపది, రక్తంలో చక్కెర ఎక్కువ. ఆ కార్డు రాసిన డాక్టరు హోముకు రావడం మానేసి మూడేళ్ళయింది.

"ఎవరూ మార్చలేదా?"

"మార్చమని నాకెవరు చెప్పారు? కార్డు మీద ఏముంటే అదే వడ్డిస్తా. నేను డాక్టరు చదువు చదవలేదు." అంతలోనే ఆయనకు అనుమానం వచ్చింది. "నా వంట బాగాలేదని ఎవడైనా అన్నాడా?"

"నీ వంట కడుపులోకి పోతే కదా బాగుందో లేదో తెలిసేది. ఒకసారి నాతో రా."

"నాకు పనుంది."

"రెండు నిమిషాలు."

గొణుక్కుంటూనే వచ్చాడు. వెనక పెరట్లో గిన్నెలు కడిగేచోటికి తీసుకెళ్ళింది. పదేళ్ళుగా ఆ హోములో వండుతున్నా ఆయన ఈ వైపు వచ్చింది తక్కువ. బండి హాల్లోకి వెళ్ళగానే ఆయన ముందు వాకిట్లోకి వెళ్ళి గాలి పీల్చుకునేవాడు. ఇక్కడ మూడు బకెట్లున్నాయి. మూడూ నిండి ఉన్నాయి. పొద్దున ఐదింటికి లేచి తను కలిపిన పిండి, తరిగిన కూర, మూత తీయగానే కమ్మగా వాసనొచ్చిన సూపు, అన్నీ ఒకటిగా కలిసిపోయి ఉన్నాయి.

"ఈరోజేమైనా తేడా చేసిందా?" అన్నాడు గిన్నెలు కడిగే ఆమెతో.

"రోజూ ఇంతేనండీ. రొట్టె చేసిన రోజు ఇంకొంచెం ఎక్కువ."

ఆయన మొహం నల్లబడిపోయింది. లోపలికి వెళ్ళిపోయాడు. రెండు రోజులు కత్తెరమ్మ ఎదురుపడినా పలకరించలేదు. మూడో రోజు ఆమె గది గుమ్మంలో నిలబడి, "ఎవరెవరికి నమలడం రాదో ఒక కాగితం మీద రాసియ్యి. అందరికీ గంజి పోస్తాననుకోకు. మెత్తగా ఉన్నా తిండి తిండిలాగే ఉండాలి" అని చెప్పి, జవాబు వినకుండానే తిరిగి వెళ్ళాడు.

మేనేజరు దగ్గరకు కత్తెరమ్మా నర్సమ్మా కలిసే వెళ్ళారు. కాగితాలంటే ప్రాణం పెట్టే మనిషాయన. టేబుల్ మీద ఫైళ్ళు ఒక మూలకు మరో మూల అంటకుండా సర్ది ఉంటాయి. చెప్పిందంతా విని, "ఈ వయసులో సన్నబడటం సహజమేనమ్మా. అయినా బరువుల రిజిస్టరు సరిగ్గానే ఉంది కదా? నేనే సంతకం పెడుతున్నాను ప్రతి నెలా" అన్నాడు.

నర్సమ్మ చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"అది తప్పు రిజిస్టరు సార్. నేనే తప్పు రాశాను" అంది. ఏడాది సంగతంతా చెప్పింది, ఒక్క మాట దాచుకోకుండా.

మేనేజరు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టాడు. "నీకు తెలుస్తోందా అమ్మా నువ్వేం చెప్తున్నావో? ఇది బయటికి పోతే హోము పరువేమవుతుంది? నా ఉద్యోగం? నీ ఉద్యోగం?"

నర్సమ్మ తల దించుకుంది. కత్తెరమ్మ తన చేతి సంచిలోంచి, వస్తాదును అడిగి తెచ్చిన ప్యాంటు తీసి ఆ సర్దిన ఫైళ్ళ మీద పరిచింది. నడుము పట్టీ లోపలివైపుకు తిప్పింది.

"వేలు పెట్టి చూడండి సార్. మొదటి గీత మార్చిలో. ఇది ఎండాకాలం చివర్లో. ఇది వానల్లో. ఇది మొన్న. మిషను చెడిపోయినా గుడ్డ అబద్ధం చెప్పలేదు. నేనే చదవలేదు."

ఆయన నిజంగానే వేలుపెట్టి చూశాడు. నాలుగు గీతలూ ఒకటొకటిగా తడిమాడు. అప్పటికప్పుడు ఆయనేమీ మారిపోలేదు. కానీ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "తూకం మిషను రేపు తెప్పిస్తాను. పళ్ళ డాక్టరుకు నెల పట్టొచ్చు. పనివాళ్ళ వేళలు మాత్రం నేను పెంచలేను" అన్నాడు. నర్సమ్మకు తప్పు చేసినట్టు కాగితం మీద హెచ్చరిక వచ్చింది. ఉద్యోగం పోలేదు. ఆయన సంతకం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

వేళలు పెంచలేమంటే ముందుకు జరిపారు. మెల్లగా తినేవాళ్ళకు పదకొండున్నరకే పళ్ళెం. బండి మామూలు వేళకే వస్తుంది గానీ వాళ్ళకు అరగంట కలిసొచ్చింది. ఆ గంటసేపు కత్తెరమ్మ మిషను ఆపి హాల్లో ఉండాలని మేనేజరే రాసిచ్చాడు.

కొత్త తూకం మిషను వచ్చిన రోజు వస్తాదు ఎక్కి నిలబడ్డాడు. డెబ్భై ఒకటి.

"ఇదీ చెడిపోయినట్టుంది" అన్నాడు ఆయన.

ఎవరూ నవ్వలేదు. దిగి, కర్ర పట్టుకుని, మెట్ల దాకా వెళ్ళి ఆగాడు. కత్తెరమ్మ వెనకే వెళ్ళింది. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"ఆకలేస్తుంది బాబాయ్ నీకు. అవునా?"

ఆయన చాలాసేపు కర్ర మొనతో నేల గీకాడు. "ఈ ఒంటితో ఆకలి అని అడిగితే ఎవడైనా నమ్ముతాడా? ఇంకొంచెం పెట్టమని ఒకసారి అడిగాను. కార్డు చూపించి నవ్వారు. మంచిగానే నవ్వారులే." చెయ్యి ఎత్తి చూపించాడు. గాల్లో ఆ చెయ్యి ఆకులా ఊగింది. "పెట్టినా ఇది నోటిదాకా తేదు. వందమంది ముందు మనుషుల్ని ఎత్తి పడేసిన చెయ్యి. ఇప్పుడు ఒక చెంచా ఎత్తలేక పడేస్తోంది. నాకెవరైనా నోట్లో పెడతామంటే మాత్రం చెప్తున్నా, నేను కిందికి రాను."

"ఎవరూ పెట్టరు. నువ్వే తింటావు."

అనేసింది గానీ ఎలాగో ఆమెకూ తెలియదు. రెండు రోజులు అదే ఆలోచన. బరువైన ఇనుప కత్తెర పట్టుకున్నప్పుడు తన చెయ్యి స్థిరంగా ఉంటుందనీ, తేలికదైతే అదురుతుందనీ గుర్తొచ్చింది. ఒక చెంచా తెచ్చి, పిడికి దళసరి గుడ్డ పొరలు పొరలుగా చుట్టి, మధ్యలో చిన్న ఇనుప బిళ్ళలు పెట్టి, తడిసినా పాడవకుండా పైన రెగ్జిను కుట్టింది. మొదటిది మరీ బరువైంది. రెండోది పట్టు చిక్కలేదు. మూడోది నర్సమ్మ చూసి బాగుందంది. పళ్ళేనికి బదులు లోతైన గిన్నె. కుర్చీ తిప్పి, వీపు హాలువైపు, ముఖం కిటికీవైపు. బయట పావురాలు తప్ప చూసేవాళ్ళు లేరు.

వణుకు పోలేదు. కానీ పదిలో ఏడు చెంచాలు నోట్లోకి వెళ్ళసాగాయి. మేనేజరు పిలిపించిన కొత్త డాక్టరు రక్తం పరీక్ష చేయించి, చక్కెర ఎప్పుడో అదుపులోకి వచ్చిందనీ, ఇంత తక్కువ తిండి ఈయనకు ప్రమాదమనీ చెప్పాడు. గోడ మీది పసుపు కార్డును వంటాయనే గోళ్ళతో గీకి పీకేశాడు. ఆ మధ్యాహ్నం గిన్నెలో ఒక ఉడికిన గుడ్డు ఎక్కువ వేసుకుని, ఎప్పుడూ రాని మనిషి హాల్లోకి తనే వచ్చి పెట్టాడు.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు వస్తాదు.

"నాలుగేళ్ళు నోరు మెదపని మనిషి, గుడ్డు పడగానే ఉప్పు అడుగుతున్నాడు చూశావా!" అని వంటాయన కత్తెరమ్మ మీద అరిచాడు. కానీ ఉప్పు తేవడానికి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

ఎండలు ముదిరేనాటికి ఆ ఇరవై మూడుమందిలో పద్నాలుగుమందికి బరువు పెరిగింది. టైపిస్టు అవ్వకు కొత్త పళ్ళు వచ్చాయి, టకటకలు రెట్టింపయ్యాయి. వస్తాదు డెబ్భై ఆరుకు వచ్చాడు, తన ప్యాంటు ఒక గీత వదులు చేయించుకున్నాడు. హోములో కత్తెరమ్మ వదులు చేసిన మొదటి కుట్టు అదే. కొందరు ఎక్కడివాళ్ళక్కడే ఉన్నారు. ఇద్దరు ఎంత చేసినా తగ్గుతూనే వచ్చి, చివరికి పోయారు. అందులో ఒకరు తోటమ్మ. పక్కన కూర్చుని, బుగ్గ నిమిరి, మింగమని గుర్తుచేస్తే రెండు మూడు ముద్దలు మింగేది. మొక్కల మాట ఎత్తితే ఇంకొకటి. కానీ వాళ్ళు చూసేసరికే ఆలస్యమైంది.

ఆమె పోయిన పది రోజులకు కూతురు వచ్చింది బట్టలు తీసుకెళ్ళడానికి. నలభై ఐదేళ్ళుంటాయి. బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ. కత్తెరమ్మ బట్టలన్నీ ఇస్త్రీ చేసి, నంబరు గుడ్డలు విప్పి, మడతపెట్టి ఉంచింది.

కూతురు ఒక గౌను చేతిలోకి తీసుకుని అడిగింది. "అమ్మ చివర్లో బాగా తినేదా అండీ?"

బాగానే తినేదని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కత్తెరమ్మ స్టూలు లాక్కుని ఆమెకెదురుగా కూర్చుంది.

"లేదమ్మా. చివరి నాలుగు నెలలూ పక్కన కూర్చుని తినిపించాం, కొద్దికొద్దిగా తినేది. అంతకుముందు సరిగ్గా తినలేదు. మేము చూడాల్సింది, చూడలేదు. ఈ గౌను నేను రెండుసార్లు బిగించాను. అప్పుడైనా అడగాల్సింది."

కూతురి కళ్ళు ఎర్రబడ్డాయి. కోపమొస్తుందనుకుంది కత్తెరమ్మ. రానీ, అనుకుంది.

"నేను నెలకోసారి వచ్చేదాన్ని" అంది కూతురు. "వచ్చినప్పుడల్లా, అమ్మ సన్నబడింది, ఒళ్ళు తేలికైంది, ఇంక మోకాళ్ళ నొప్పి తగ్గుతుందిలే అనుకునేదాన్ని. సంతోషపడేదాన్ని." గౌను మళ్ళీ మడతపెట్టబోయింది. "ఎవరూ చెప్పలేదు నాకు."

"ఇప్పుడు చెప్తున్నామమ్మా, వచ్చినవాళ్ళందరికీ. బరువు కాగితం చేతికే ఇస్తున్నాం. మీ అమ్మగారికి మాత్రం పనికిరాలేదది."

పక్క గదిలో ఉతుకుడు మిషను తిరిగి తిరిగి ఆగింది. హాల్లో కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపించింది. పదకొండున్నర కావస్తోంది.

"నేను వెళ్ళాలి. వాళ్ళు కూర్చుంటున్నారు" అని లేచింది కత్తెరమ్మ. "మీరు నిదానంగా సర్దుకోండి, ఈ గది ఎవరికీ అక్కర్లేదిప్పుడు."

కూతురు తలూపింది. కత్తెరమ్మ కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, టేపు తీసి మేకుకు తగిలించి, హాలువైపు నడిచింది.